కారు లేకుండా కడలి దాకా

సముద్రానికి వెళ్దామని ఇంట్లో ఎవరైనా అనగానే వచ్చే మొదటి ప్రశ్న 'బండి ఎలా?' అనే. కారున్నవాళ్లు ఎవరు నడపాలా అని ఆలోచిస్తారు. లేనివాళ్లు అద్దె ఎంతవుతుందో లెక్కేస్తారు. ఆ లెక్క తేలేలోగా సెలవులు కాస్తా అయిపోతాయి. పిల్లలు మళ్లీ బడికి, పెద్దలు మళ్లీ ఆఫీసుకి!

దాదాపు వెయ్యి కిలోమీటర్ల సముద్రతీరం ఉన్న రాష్ట్రం మనది. ఆ తీరం పక్కనే, కొన్నిచోట్ల పట్టుమని పది కిలోమీటర్ల దూరంలోనే రైలు పట్టాలున్నాయి. తెనాలి దాటిన రైలు ఒంగోలు చేరేలోపు సముద్రానికి ఎంత దగ్గరగా వెళ్తుందో చాలామంది గమనించరు. ఆ దారిలో బాపట్లలోనో, చీరాలలోనో దిగితే మిగిలిన దూరానికి సైకిలు చాలు. రాత్రి పడుకోవడానికి ఒక టెంటు, తిండికి ఆ ఊరి వంట. మొన్న సంక్రాంతి వెళ్లాక మూడు రోజులు మేం చేసిన ప్రయాణం ఇదే. బాపట్లలో దిగి, సూర్యలంకలో గుడారం వేసి, చీరాల, వాడరేవు, వేటపాలెం చూసుకుని రైలెక్కేశాం. అన్నీ కలిపి తొక్కింది యాభై, అరవై కిలోమీటర్ల మధ్యే. అదీ మూడు రోజుల్లో!

వెళ్లినవాళ్లం ఐదుగురం. నేను, మావారు, పదకొండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి, అరవై తొమ్మిదేళ్ల మా అత్తయ్య. 'మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ సైకిల్ తొక్కారా?' అని అడక్కండి. ఆవిడ టెంటుతో, సంచులతో సహా ఆటోలో వచ్చారు. కారు వద్దనుకున్నంత మాత్రాన అందరూ కష్టపడాలని రూలేమీ లేదు కదా!

సైకిళ్ల సంగతి

విజయవాడ నుంచి బాపట్ల రైల్లో సుమారు 75 కిలోమీటర్లు. అక్కడి నుంచి సూర్యలంక తొమ్మిది. సొంత సైకిల్ తీసుకెళ్లాలంటే బయల్దేరే స్టేషన్లోని పార్సిల్ కార్యాలయంలో టికెట్ చూపించి లగేజీగా బుక్ చేయాలి. దాన్ని బ్రేక్ వ్యాన్‌లో వేస్తారు. అయితే రెండు విషయాలు ముందే అడిగి తెలుసుకోవాలి. మీరెక్కే రైలుకు సామాన్ల పెట్టె ఉందా? దిగే స్టేషన్లో సైకిల్ దింపేంతసేపు ఆగుతుందా? ఒక్క నిమిషం ఆగే రైలైతే సైకిల్ మీకంటే ముందు మద్రాసు చూసొస్తుంది! ఊడిపోయే లైటు, పంపు, సీసా ముందే తీసేసి సంచిలో పెట్టుకోవాలి. పేరు, దిగే స్టేషను రాసిన అట్టముక్క గట్టిగా కట్టాలి. మేం రెండు సైకిళ్లు అలా తీసుకెళ్లాం. అమ్మాయికి బాపట్లలోని బంధువుల ఇంట్లో ఒకటి దొరికింది. చిన్నవాడు నాన్న వెనకాల క్యారియర్ మీద దొరబాబులా కూర్చున్నాడు.

నగరంలో మా అమ్మాయి సైకిల్ మా వీధి మలుపు దాటదు. దాటనివ్వం. బస్సులు, లారీలు, ఫోన్లో మాట్లాడుతూ నడిపేవాళ్లు... ఎలా పంపిస్తాం? అలాంటి పిల్ల బాపట్ల ఊరు దాటి, రెండు వైపులా పొలాలు, ఆపైన తాడిచెట్లు ఉన్న రోడ్డు మీద తొమ్మిది కిలోమీటర్లు తనంతట తాను తొక్కింది. మధ్యలో 'ఇంకెంత దూరం?' అని ఒక్కసారి కూడా అడగలేదు. కారు వెనక సీట్లో కూర్చుంటే అరగంటలో నాలుగుసార్లు అడుగుతుంది. తొక్కే కాళ్లకు దూరమెంతో తెలుస్తుంది కాబోలు, నోటితో అడగాల్సిన పని ఉండదు.

సైకిలుకు గాలి లెక్క కూడా ముఖ్యమే. బాపట్ల నుంచి చీరాల వైపు తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచే వీస్తుంది కాబట్టి బాపట్లలో మొదలుపెట్టి చీరాల వైపు వెళ్తే గాలి వెన్ను తడుతుంది. తిరగేసి వెళ్తే మాత్రం ప్రతి కిలోమీటరూ రెండు కిలోమీటర్లవుతుంది. ఏ కాలంలో వెళ్లినా తెల్లవారుజామున ఆరింటికల్లా సైకిలెక్కి పదింటికి దిగిపోవాలి. పొద్దెక్కేకొద్దీ ఎండతోపాటు సముద్రపు గాలీ పెరుగుతుంది.

సరుగుడు నీడ ఊరికే రాలేదు

సూర్యలంకలో పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు ఉంది. టెంటు వేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా వాళ్లతోనో, ఊరి పెద్దలతోనో మాట్లాడి, అనుమతించిన చోటే వేసుకోవాలి. మేం వచ్చామని స్థానిక పోలీసులకు ఒక మాట చెప్పి ఉంచడం మంచిది. ఆడవాళ్లు, పిల్లలు ఉన్నప్పుడు మరీను. పక్కనే వైమానిక దళ కేంద్రం ఉంది. ఆ కంచె దగ్గరికి వెళ్లడం, ఫొటోలు తీయడం కుదరదు.

ఇసుకలో మేకులు నిలవవు. గాలి కాస్త గట్టిగా వీస్తే టెంటు గాలిపటమే! దానికి మత్స్యకారులు చెప్పిన ఉపాయం ఇది. పాత గోనె సంచిలో ఇసుక నింపి, మూతికి టెంటు తాడు కట్టి, మోకాటి లోతు గోతిలో అడ్డంగా పడేసి పూడ్చేయాలి. అంతే, లాగినా కదలదు. పొడి నాచు, గవ్వలు, కొబ్బరి పీచు ఒక గీతలా పేరుకున్న చోటు దాకా పోటు వస్తుందని గుర్తు. ఆ గీతకు బాగా పైన, వీలైతే సరుగుడు తోట వెనక వైపున టెంటు వేసుకోవాలి.

ఈ సరుగుడు తోటల్ని చూసి 'ఆహా, ఎంత చల్లటి నీడ' అనుకుంటాం. చలిమంటకు నాలుగు కొమ్మలు విరుద్దామని కూడా అనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకండి. గాలి వేగాన్ని విరవడానికీ, ఇసుక ఊళ్ల మీదికి రాకుండా ఆపడానికీ పెంచిన చెట్లివి. పైగా రాలిన సరుగుడు ఆకు ఎండితే నిప్పురవ్వ చాలు. జనవరి నుంచి మార్చి దాకా ఇంకో కారణం కూడా ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమది. రాత్రిపూట తల్లి తాబేలు ఒడ్డుకొచ్చి, ఇసుక తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, పూడ్చేసి సముద్రంలోకి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తాయి. అవి సముద్రం మీది వెలుతురును బట్టి నీళ్ల వైపు నడుస్తాయి. ఒడ్డున మనం పెద్ద లైట్లు, మంటలు పెడితే దారి తప్పి మన వైపే వచ్చేస్తాయి. తెల్లారేసరికి కుక్కలకో, కాకులకో ఆహారమైపోతాయి. అందుకే రాత్రి మేం ఒక్క చిన్న టార్చితో సరిపెట్టుకున్నాం. అదీ కిందికి తిప్పి పట్టుకుని. చుక్కలు చూడ్డానికి అంతకన్నా ఎక్కువ వెలుతురు అక్కర్లేదు.

దొరువు నీళ్లు

సముద్రం పక్కన మంచినీళ్లెలా? పిల్లలు అడిగిన ప్రశ్నే ఇది. జవాబు ఒక రైతు తోటలో కనిపించింది. ఇసుకలో తవ్విన చిన్న గుంట. అందులో తేటగా నీళ్లు. ఆయన కడవ ముంచి నారుకు పోస్తున్నాడు. దీన్ని ఇక్కడ 'దొరువు' అంటారు. వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పు నీటి పైన పలుచటి పొరలా తేలుతూ ఉంటుంది. ఎందుకంటే ఉప్పు నీరు బరువు, మంచినీరు తేలిక. లోతుగా బోరు వేసి మోటారుతో లాగేస్తే అడుగునున్న ఉప్పు పైకి వచ్చేస్తుంది. దొరువులో అయితే పైపైనే, అవసరమైనంతే తోడుకుంటారు. బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ పాత పద్ధతినే మెరుగుపరిచారు. ఇసుకలో తక్కువ లోతున రంధ్రాల గొట్టాలను అడ్డంగా పరిచి, చుట్టుపక్కల ఊరే మంచినీళ్లు ఒకే బావిలోకి వచ్చేలా చేశారు.

'అంటే పాల మీద మీగడ తీసినట్టన్నమాట' అన్నాడు మావాడు. ఏ పాఠంలోనూ ఇంత తేలిగ్గా చెప్పలేదు! తాగడానికి మాత్రం మేం ఊళ్లోంచి క్యాన్లలో తెచ్చుకున్న నీళ్లే వాడాం. దొరువు నీళ్లు చూసి నేర్చుకోవడానికి, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి.

అత్తయ్య అడిగిన ప్రశ్న

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సూర్యలంక, వాడరేవు, రామాపురం... ఈ పేర్లు మన పేపర్లో వచ్చే రెండు సందర్భాలున్నాయి. ఒకటి కార్తీక పౌర్ణమి స్నానాల రద్దీ. రెండోది స్నానానికి దిగి గల్లంతైన యువకుల వార్త. ఏటా చదువుతూనే ఉన్నాం. 'అయ్యో' అనుకుని పేజీ తిప్పేస్తున్నాం.

మా అత్తయ్యది బాపట్ల దగ్గర పల్లె. 1977 నవంబరు 19 నాటి తుపానుకు ఆవిడ కొత్తగా పెళ్లై తెనాలిలో ఉన్నారు. పుట్టింట్లో అన్నయ్య, వదిన, వాళ్ల చంటివాడు మిగల్లేదు. ఆ తుపానులో, దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పోయినవాళ్లు సుమారు పదివేల మందని ప్రభుత్వ లెక్క. అంతకన్నా ఎక్కువేనని చూసినవాళ్లంటారు. ఆ తర్వాత అత్తయ్య మళ్లీ సముద్రపు ఒడ్డుకు వెళ్లలేదు. బాపట్ల పెళ్లిళ్లకు వచ్చినా, అందరూ సూర్యలంక బయల్దేరినా 'మీరు వెళ్లి రండి' అనేవారు. ఈసారి కూడా రానన్నారు. 'పిల్లల్ని దింపుతారా నీళ్లల్లోకి?' అని అడిగారు. దింపుతామన్నాం. 'అయితే నేనూ వస్తా' అన్నారు. ఇంకేం మాట్లాడలేదు.

మొదటి రోజు సాయంత్రం పిల్లలు అలల్ని చూసి పరుగెత్తబోతే ఆవిడ గట్టిగా ఒక్క కేక వేశారు. అక్కడే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గరికి వెళ్లి, 'ఏవయ్యా, ఇవాళ ఎక్కడ లాగుతోంది?' అని అడిగారు. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. అది అక్కడ రోజూ అడిగే ప్రశ్నే అన్నట్టు చెయ్యెత్తి చూపించాడు. 'అదిగో అమ్మా, ఆ నల్లగా కనపడతందే, అటు దిగమాకండి. నిన్న లేదది. రాత్రి పోటుకి ఇసక కోసకపోయింది. ఈ కుడి పక్కన మోకాలి లోతు దాకా పర్లేదు.'

మేం చూసిందేమిటి? ఆయన వద్దన్న చోటు చూడ్డానికి ప్రశాంతంగా ఉంది. అలలు విరగడం లేదు. నున్నగా, కాస్త ముదురు రంగులో ఉంది. తెలియనివాళ్లు 'ఇక్కడ అలలు తక్కువ, పిల్లలకు మంచిది' అనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా తిరిగి లోపలికి పోవడానికి ఇసుక తిన్నెల మధ్య దారి చేసుకుంటుంది. ఆ దారే ఇది. రిప్ కరెంట్ అంటారు. అక్కడ నడుం లోతులో నిలబడిన మనిషిని కూడా లోపలికి లాక్కుపోతుంది. అందులో చిక్కుకున్నవాళ్లు చేసే పని ఒడ్డు వైపు ఎదురీదడం. ఎంత ఈత వచ్చినా ఆ నీటితో గెలవలేరు, అలిసిపోయి మునుగుతారు. చేయాల్సింది వేరు. కంగారు పడకుండా వెల్లకిలా తేలాలి, చెయ్యి పైకెత్తి కేక వేయాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ పాయ వెడల్పు తక్కువ. పక్కకు తప్పుకుంటే అలలే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డునున్నవాళ్లు కూడా ఈత రానప్పుడు వెంటపడి దూకేయకూడదు. తాడు, మూత బిగించిన ఖాళీ క్యాను, బంతి, ఏది తేలితే అది విసరాలి. మనిషి కోసం మనిషి దిగి ఇద్దరూ పోయిన వార్తలు ఎన్ని లేవు!

మర్నాడు ఉదయం మా అమ్మాయే వెళ్లి 'తాతా, ఇవాళ ఎక్కడ లాగుతోంది?' అని అడిగింది. ఆయన చూపించిన చోటు నిన్నటిది కాదు. ఇరవై అడుగులు అవతలికి జరిగింది. సముద్రం రాత్రికి రాత్రే మారిపోతుందని ఆ పిల్లకు అర్థమైంది. అత్తయ్య చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, చీలమండల దాకా నీళ్లలో నిలబడ్డారు. చిన్నవాడి చెయ్యి వదల్లేదు. ఎంతసేపున్నారో మేమెవరం చూడలేదు. చూస్తున్నట్టు ఆవిడకు తెలియడం ఇష్టం లేక.

పులుసు మర్నాటికే రుచి

రైల్లో గ్యాస్ సిలిండరు, కిరోసిన్ స్టవ్ తీసుకెళ్లడం నేరం. కాబట్టి కారులేని ప్రయాణంలో సొంత వంట కుదరదు. అదే మంచిదైంది! ఊళ్లో ఒకావిడతో మాట్లాడుకుంటే పూటకింతని రెండు పూటలా వండి పెట్టారు. పొద్దున్నే వలలు ఒడ్డుకు రాగానే చేపలు మేమే కొనిచ్చాం. కన్ను మెరుస్తూ, మొప్ప ఎర్రగా, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేస్తూ ఉంటే తాజా చేపని లెక్క. వంజరం వేపుడుకి, చందువా పులుసుకి. 'ఇప్పుడే తినేస్తారా? రేపటికైతే ఇంకా బాగుంటది' అందావిడ. నిజమే, మట్టి దాకలో రాత్రంతా చింతపండు పులుసు పీల్చుకున్న ముక్క ఉదయం వేడన్నంలో... ఇక వర్ణించను, ఆదివారం పూట మీకు ఆకలి పెంచడం పాపం!

మెత్తళ్లు దొరికితే వదలకండి. వేలెడంత చేపలు. చింతచిగురుతోనో, మామిడికాయతోనో ఆ కాలానికి తగ్గట్టు వండుతారు. చేపలు తిననివాళ్లకూ లోటేమీ లేదు. ఇసుక నేలల్లో పండిన వేరుశనగకాయలు ఉప్పేసి ఉడకబెట్టి అమ్ముతారు. చలికాలంలో కాల్చిన తేగలు, వేసవిలో తాటిముంజెలు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు విరామం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. వేసవి సెలవుల్లో వెళ్తే పెద్ద చేప తక్కువగా, ఖరీదుగా ఉంటుంది. 'చేపలేవీ?' అని గొడవ పడకుండా ముంజెలు తినండి.

స్టూవర్టుపురంలో టీ

మూడో రోజు చీకటితోనే బయల్దేరి బాపట్ల మీదుగా చీరాల దారి పట్టాం. అత్తయ్య సామానుతో రైలెక్కారు. బాపట్ల నుంచి చీరాల 15 కిలోమీటర్లే. 216 నంబరు జాతీయ రహదారి మీద వెళ్లాల్సిన చోట్ల ఒకరి వెనక ఒకరం, తెల్లటి గీతకు ఎడమవైపునే తొక్కాం. పిల్లది మధ్యలో. వెనకాల ఎర్ర లైటు.

దారిలో స్టూవర్టుపురం బోర్డు కనిపిస్తుంది. కార్లో వెళ్లేవాళ్లు ఆ పేరు చూసి ఏదో సినిమా డైలాగు చెప్పుకుని నవ్వుకుంటూ వెళ్లిపోతారు. మేం టీ కోసం ఆగాం. ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన బ్రిటిష్ చట్టం కింద 1913-14 ప్రాంతంలో ఏర్పాటైన ఊరిది. సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హెరాల్డ్ స్టూవర్ట్ అనే మద్రాసు ప్రభుత్వ అధికారి పేరు పెట్టారు. 1952లో ఆ చట్టం పోయింది. జోకులు మాత్రం పోలేదు. టీ కొట్టు దగ్గర యూనిఫారాలు వేసుకుని బడికి వెళ్తున్న పిల్లలు మా అమ్మాయి సైకిల్ చుట్టూ మూగారు. గేర్లెలా పనిచేస్తాయో అడిగారు. ఒకమ్మాయి ఒక రౌండు తొక్కి తెచ్చి జాగ్రత్తగా స్టాండు వేసింది. బోర్డు చదివి వెళ్లిపోతే ఊరి పేరే తెలుస్తుంది. ఆగి టీ తాగితే ఊరు తెలుస్తుంది.

ఈపూరుపాలెం దాటుతుంటే మగ్గాల చప్పుడు మొదలైంది. చీరాల వచ్చిందన్నమాట.

ఊరు ఊరంతా గుడారాల్లో

రెండు రాత్రులు టెంటులో పడుకున్నామని మా పిల్లలు గొప్పలు పోతుంటే చీరాలలో వాళ్లకో కథ చెప్పాను. కథ కాదు, జరిగిందే. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి, అప్పటి మద్రాసు ప్రభుత్వం పన్నులు విపరీతంగా పెంచేసింది. వద్దు మొర్రో అన్నా వినలేదు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో జనం ఒక నిర్ణయం తీసుకున్నారు. ఊళ్లో ఉంటేనే కదా పన్ను? ఊరే వదిలేస్తే? పదివేల మందికి పైగా ఇళ్లకు తాళాలేసి, పొలిమేర అవతల రామనగర్ పేరుతో పాకలు, పందిళ్లు వేసుకుని సుమారు పదకొండు నెలలు ఉన్నారు. ఎండకు ఎండారు, వానకు తడిశారు. రామదండు వలంటీర్లు వాళ్లను కనిపెట్టుకుని ఉన్నారు. దుగ్గిరాల అరెస్టయి, డబ్బుకు ఇబ్బందై చివరికి వెనక్కి రావాల్సి వచ్చింది. అయినా ఆ పదకొండు నెలల సంగతి దేశమంతా మాట్లాడుకుంది.

'పదకొండు నెలలా? బాత్రూములెలా మరి?' అంది మా అమ్మాయి. మూడు రోజులు టెంటులో ఉన్నవాళ్లకే ఆ ప్రశ్న అడిగే హక్కుంటుంది!

చీరాల నుంచి వాడరేవు ఆరేడు కిలోమీటర్లు. లైట్‌హౌస్ దూరం నుంచే కనిపిస్తుంది. సాయంత్రం అలివి వల లాగుతుంటే చూడాల్సిందే. వలను పడవ మీద అర్ధచంద్రాకారంలో వదిలి, రెండు కొసలూ ఒడ్డు నుంచి రెండు జట్లు లాగుతాయి. మావాడూ ఒక తాడు పట్టుకున్నాడు. ప్రతిఫలంగా ఒక గవ్వ దక్కింది.

అక్కడి నుంచి వెనక్కి వచ్చి, ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోని వేటపాలెం చేరితే ప్రయాణం పూర్తి. ఇది జీడిపప్పు ఊరు. వీధిలోకి రాగానే కాల్చిన గింజల వాసన ముక్కుకు తగులుతుంది. పెంకులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి గింజలు కొట్టేవాళ్లు చేతులకు జాగ్రత్తలు తీసుకుంటారు. ఆ చేతులు చూశాక పప్పు ఖరీదు గురించి బేరమాడాలనిపించలేదు. ఈ ఊళ్లోనే 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. వందేళ్ల నాటి పత్రికలు, పుస్తకాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. 1929లో గాంధీజీ వచ్చినప్పుడు విరిగిన చేతికర్రను కూడా దాచి ఉంచారు. ఇంకో రోజు వీలుంటే దక్షిణంగా మోటుపల్లి దాకా వెళ్లొచ్చు. కాకతీయుల కాలపు రేవు అది. ఓడ బద్దలై ఒడ్డుకు చేరిన సరుకును ఇకపై రాజు లాక్కోడు, సుంకం మాత్రమే తీసుకుంటాడని వర్తకులకు గణపతిదేవుడు అభయమిచ్చిన 1244 నాటి శాసనం అక్కడుంది. సముద్రం మీద వెళ్లేవాళ్ల భయం ఎంతటిదో ఆ రాజుకు తెలుసన్నమాట.

వెళ్లేముందు...

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజులు. నిజాంపట్నం రేవులో ఏ నంబరు హెచ్చరిక ఎగరేశారని వార్త వచ్చినా ప్రయాణం మానుకోండి. కార్తీక పౌర్ణమి రద్దీలో పిల్లలతో వద్దు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ, టెంటు ఇంకాస్త పైకి జరపాలి.

మనిషికి రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, టోపీ చాలు. పంక్చరు సామాను, పంపు, టార్చి, తాడు, మందుల పెట్టె మరవకండి. నాలుగు గోనె సంచులు తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు టెంటు నిలబెడతాయి, వచ్చేటప్పుడు మన చెత్త మోసుకొస్తాయి. పెద్దవాళ్లుంటే ఆటో ముందే మాట్లాడుకోండి. మోకాళ్ల నొప్పుల పేరు చెప్పి వాళ్లను ఇంట్లో వదిలేయకండి. దారి వాళ్లకే బాగా తెలిసి ఉండొచ్చు.

ఇక ఒడ్డుకు చేరాక, ఎవరూ నీళ్లలో కాలు పెట్టకముందే, ఆ ఊరి మనిషిని ఒకరిని వెతికి పట్టుకోండి. 'ఇవాళ ఎక్కడ లాగుతోంది?' అని అడగండి. రేపు మళ్లీ అడగండి.